యెజ్డీ క్రాంక్ సీల్ రెండుసార్లు మార్చినా పొగ పోలేదు. వైటాన్ వేస్తే నిలబడుతుందా?

నాగావళి_యెజ్డీ (శ్రీకాకుళం), ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా నాన్నగారి యెజ్డీ 250, 1979 మోడల్. పాతపట్నం, మెళియాపుట్టి రోడ్లన్నీ ఆయన దీని మీదే తిరిగారు. ఆయన పోయాక నాలుగేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. కిందటేడు బయటికి తీశాను.

స్టార్ట్ అయిన దగ్గర్నుంచి తెల్లటి పొగ. వీధి చివరి ఇల్లు కనపడనంత. మొదట చూసిన మెకానిక్ బోరు పోయిందన్నాడు. బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్, రింగులు వేయించాను. పొగ తగ్గలేదు. ఇంకొకాయన చూసి గేర్ ఆయిల్ కొలిస్తే సగానికి పడిపోయి ఉంది. కింద నేల మీద చుక్క లేదు. ఎడమవైపు క్రాంక్ సీల్ (క్రాంక్ షాఫ్ట్ చుట్టూ ఉండి ఆయిల్ దాటకుండా ఆపే రబ్బరు రింగు) పోయింది, ఇంజిన్ గేర్ ఆయిల్ తాగేస్తోంది అని చెప్పి సీల్ మార్చాడు. పొగ ఆగింది. 900 కిలోమీటర్లకి మళ్లీ మొదలు. ఇంకో సీల్ వేశాం. ఈసారి 400 కూడా రాలేదు.

ఇప్పుడు అందరూ వైటాన్ అనే వేరే రకం రబ్బరు సీల్ వెయ్యమంటున్నారు. మామూలు దానికి మూడు నాలుగు రెట్లు ధర. ధర గురించి బాధ లేదు. మళ్లీ మళ్లీ ఇంజిన్ విప్పడమే మనసుకు కష్టంగా ఉంది. వేసినవాళ్లు చెప్పండి.

ఆర్‌ఎక్స్_కుర్రాడు (చీపురుపల్లి), ఆదివారం రాత్రి 9:34

వైటానే వెయ్యండి అన్నా. నా ఆర్‌ఎక్స్ 100కి రెండువైపులా అదే. రెండేళ్లయింది, చుక్క లేదు.

మిల్లు_ఫిట్టర్ (నెల్లిమర్ల), సోమవారం ఉదయం 5:50

బాబూ, వైటాన్ సంగతి తర్వాత చూద్దాం. ముప్పై రెండేళ్లు జూట్ మిల్లులో ఫిట్టర్‌గా చేశాను. గేర్‌బాక్సులు, కౌంటర్ షాఫ్టులు, పంపులు, ఎన్ని వందల సీళ్లు మార్చానో లెక్కలేదు. కొత్త సీల్ వారంలో పోయిందంటే మా సూపర్‌వైజర్ అడిగే మొదటి మాట "షాఫ్ట్ చూశావా?" అనే.

సీల్ రబ్బరు లిప్, వెనక చిన్న స్ప్రింగ్ చుట్ట సాయంతో షాఫ్ట్‌ని పట్టుకుని ఉంటుంది. షాఫ్ట్ తిరుగుతున్నంతసేపూ ఒకే గీత మీద రాసుకుంటుంది. రబ్బరు మెత్తనిది, ఇనుము గట్టిది, అరిగేది రబ్బరే అనుకుంటాం. కానీ నూనెలో కలిసిన దుమ్ము, ఇనప రజను ఆ రబ్బరులో గుచ్చుకుంటాయి. అప్పుడది ఆకురాయి అయిపోయి ఇనుమునే తినేస్తుంది. నలభై ఏళ్ల బండి అంటున్నారు. అక్కడ గాడి పడి ఉండకపోతే ఆశ్చర్యమే.

రెండు పనులు చెయ్యండి. సీల్ తీశాక లిప్ నడిచే మెడ మీద బొటనవేలి గోరు అడ్డంగా నడిపించండి. గోరు తట్టుకుంటే గాడి ఉన్నట్టే. రెండోది, క్రాంక్ కొసని చేత్తో పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. కదలిక తెలిస్తే బేరింగ్ పోయింది. బేరింగ్ పోయిన ఇంజిన్‌లో షాఫ్ట్ నడుమ నిలవకుండా తిరుగుతుంది, ఏ సీల్ అయినా ఒకపక్క నలిగిపోతుంది. పాత సీల్ పారేయకండి, ఫోటో పెట్టండి.

టెక్కలి_టూస్ట్రోక్ (టెక్కలి), సోమవారం ఉదయం 8:15

మాస్టారు చెప్పింది నిజం. మా అన్నయ్య రాజ్‌దూత్‌కి ఒకటే నైట్రైల్ (మామూలు సీళ్ల రబ్బరు) సీల్ పదిహేనేళ్లు నడిచింది. అప్పట్లో వైటాన్ పేరు కూడా ఎవరికీ తెలీదు. ఫ్యాక్టరీలో నైట్రైలే వేశారంటే ఆలోచించకుండా వేశారా? ముందు సరైన కంపెనీ సీల్ వెయ్యండి. బజారులో పేరులేని సీళ్లు ఎక్కువైపోయాయి, అసలు గొడవ అక్కడుంది.

కోట_బుల్లెట్ (విజయనగరం), సోమవారం మధ్యాహ్నం 1:20

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ 350. నాకు తిరకాసుగా జరుగుతోంది. ప్రైమరీ చెయిన్ కేసులో (ఇంజిన్‌ని క్లచ్‌కి కలిపే చెయిన్ ఉండే పెట్టె) ఆయిల్ పెరుగుతోంది. పోసినదానికంటే ఎక్కువ వస్తోంది, కవరు రబ్బరు దగ్గర కారుతోంది. ఇంజిన్ స్ప్రాకెట్ వెనక సీల్ మార్చాను, ఒక నెల బాగుంది. నేను కూడా వైటాన్‌కి వెళ్లాలా?

మిల్లు_ఫిట్టర్ (నెల్లిమర్ల), సోమవారం సాయంత్రం 6:05

బుల్లెట్ బాబుకి: మీది సీల్ జబ్బు కాదు, ఊపిరి జబ్బు అనుకుంటున్నాను. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోక్. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ 346 సీసీ గాలిని క్రాంక్ కేసులోకి తోస్తుంది. ఆ గాలి బయటికి పోవడానికి బ్రీదర్ ఉంది. దాని రబ్బరు మూతి బాతు ముక్కులా ఉంటుంది, గాలిని బయటికి వదిలి లోపలికి రానివ్వదు. ఏళ్ల తరబడి వేడికి అది అట్టలా బిగిసిపోతుంది. గాలికి దారి లేకపోతే సీల్ దగ్గర దారి చేసుకుంటుంది, తనతోపాటు ఆయిల్‌ని తీసుకెళుతుంది. మీ చెయిన్ కేసులో పెరుగుతున్నది ఇంజిన్ ఆయిలే.

ఇంజిన్ వేడెక్కాక బ్రీదర్ పైపు కొసని గ్లాసు నీళ్లలో ముంచండి. బుడగలు రావాలి, నీళ్లు మాత్రం పైపులోకి పైకి ఎక్కకూడదు. ఎక్కుతుంటే వెంటనే పైపు తీసేసి ఆ మూతి మార్చండి. సీల్ జోలికి ఇప్పుడే వెళ్లకండి.

నాగావళి_యెజ్డీ (శ్రీకాకుళం), బుధవారం రాత్రి 10:40

మాస్టారూ, ఈరోజు విప్పాను. క్లచ్, చెయిన్, స్ప్రాకెట్ తీసేసరికే సాయంత్రమైంది. సీల్ తీసి మెడ తుడిచి చూస్తే, నల్లటి మరకల మధ్య అద్దంలా మెరిసే ఒక సన్న గీత. గోరు పెట్టాను. టక్కున ఆగింది. గుండె జారిపోయింది నిజంగా. రెండుసార్లు కొత్త సీల్ వేసిన చేతులు ఈ గీతని చూడలేదా అనిపించింది. బేరింగులో కూడా కొంచెం కదలిక ఉంది.

సీల్ లిప్ ఫోటో పెట్టాను. ఒకవైపు వెడల్పుగా అరిగింది, రెండోవైపు కొత్తగానే ఉంది. రబ్బరు కూడా గట్టిపడింది, వంచితే సన్నగా పగుళ్లు కనిపిస్తున్నాయి. 400 కిలోమీటర్లకే పగుళ్లేటండి?

మిల్లు_ఫిట్టర్ (నెల్లిమర్ల), గురువారం ఉదయం 5:45

ఒకవైపే అరగడం బేరింగ్ వల్లే. గాడి, బేరింగ్, రెండూ దొరికాయి, మంచిదే. పగుళ్ల సంగతి రబ్బరు తెలిసినవాళ్లు చెప్పాలి.

రబ్బర్_ల్యాబ్ (విశాఖలో ఉద్యోగం, సొంతూరు రాజాం), గురువారం రాత్రి 8:30

నేను చెప్తానండి. రబ్బరు పరీక్షలే నా ఉద్యోగం.

నైట్రైల్ అంటే ఒకటే రకం కాదు. అందులో అక్రిలోనైట్రైల్ అనే పదార్థం వాటా సుమారు 18 నుంచి 50 శాతం దాకా ఉండొచ్చు. ఆ వాటా ఎక్కువైతే పెట్రోల్‌ని బాగా తట్టుకుంటుంది, ఖర్చు కూడా పెరుగుతుంది. చవక సీళ్లలో ఆ వాటా తక్కువున్న రబ్బరు వాడతారు. గేర్ ఆయిల్‌కి అది పర్వాలేదు, పెట్రోల్‌కి కాదు. టూస్ట్రోక్‌లో క్రాంక్ సీల్‌కి ఒకపక్క గేర్ ఆయిల్, రెండోపక్క పెట్రోల్ మిశ్రమం. అదే దానికి కష్టం. ఫోర్‌స్ట్రోక్‌లో సీల్‌కి అంత పరీక్ష లేదు.

పైగా పెట్రోల్ మారింది. 2022 జూన్ నాటికి దేశంలో సగటున 10 శాతం ఇథనాల్ కలిసింది, ఇప్పుడు బంకుల్లో 20 శాతం దాకా వస్తోంది. పెట్రోల్ ఒక్కటే ఉన్నప్పటికంటే ఇథనాల్ కలిసినప్పుడు నైట్రైల్ ఎక్కువ ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు రబ్బరుని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్‌ని పెట్రోల్ లాగేస్తుంది. బండి నెల రోజులు ఆపితే పెట్రోల్ ఆవిరైపోయి రబ్బరు కుంచించుకుని, ముందుకంటే గట్టిపడుతుంది. మీ బండి రోజూ తిరగదు కదా. తడవడం, ఆరడం, తడవడం, ఆరడం. పగుళ్లకి అదే కారణమయ్యే అవకాశం ఎక్కువ.

టెక్కలి గారు చెప్పిన రాజ్‌దూత్ రోజూ తిరిగి ఉంటుంది, అప్పటి పెట్రోల్ వేరు. ఆ అనుభవం తప్పు కాదు, ఈ బండికి సరిపోదు అంతే.

వైటాన్ అనేది ఒక కంపెనీ పెట్టిన పేరు. రబ్బరు పేరు ఎఫ్‌కేఎం. నైట్రైల్ 100 డిగ్రీల సెల్సియస్ దాకా హాయిగా ఉంటే, ఇది 200 దాకా ఉంటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి చాలా మేలు. దీనికీ లోపాలున్నాయి. గట్టి చలిలో బిగుసుకుంటుంది, అయితే శ్రీకాకుళంలో ఆ భయం లేదు. కొన్ని గేర్ ఆయిళ్లలో కలిపే అమైన్ జాతి రసాయనాలు ఎక్కువ వేడి మీద దీన్ని గట్టిపరుస్తాయి. గాడి పడిన షాఫ్ట్‌ని మాత్రం ఏ రబ్బరూ బాగుచెయ్యదు.

ఆర్‌ఎక్స్_కుర్రాడు (చీపురుపల్లి), గురువారం రాత్రి 8:52

మేడమ్, షాపువాడు గోధుమ రంగు సీల్ ఇచ్చి వైటాన్ అన్నాడు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది? లైటర్‌తో కాల్చి చూడమని ఒకరు చెప్పారు.

రబ్బర్_ల్యాబ్ (రాజాం), గురువారం రాత్రి 9:05

వద్దు, దయచేసి ఎవ్వరూ కాల్చకండి. ఎఫ్‌కేఎం కాలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది. ఊపిరితిత్తులకీ, చర్మానికీ చాలా ప్రమాదం. కాలిపోయిన పాత ఇంజిన్లలో జిగురుగా మిగిలిన సీళ్లని కూడా ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు.

రంగుని నమ్మొద్దు. నల్ల ఎఫ్‌కేఎం ఉంది, గోధుమ రంగు నైట్రైలూ ఉంది. ఓ-రింగ్ అయితే చేతిలో పెట్టుకుంటే తెలుస్తుంది, అదే సైజు నైట్రైల్ కంటే ఒకటిన్నర రెట్లు బరువు. ఆయిల్ సీల్ లోపల ఇనప రింగు ఉంటుంది కాబట్టి ఆ ఉపాయం పనిచెయ్యదు. సీల్ ముఖం మీద మెటీరియల్ గుర్తు, కంపెనీ పేరు అచ్చు ఉన్నది, బిల్లుతో కొనండి.

ఆర్‌ఎక్స్_కుర్రాడు (చీపురుపల్లి), గురువారం రాత్రి 9:20

చెప్పారు కాబట్టి సరిపోయింది మేడమ్. రేపే కాల్చేవాణ్ణి.

నాగావళి అన్నా, మీది ఆయిల్ తాగే సీల్. రెండోవైపు సీల్ ఇంకా ప్రమాదం, నా అనుభవం వినండి. ఆర్‌ఎక్స్‌లో మ్యాగ్నెట్ వైపు సీల్ అవతల ఆయిల్ ఉండదు, ఒట్టి గాలే. అది పోతే పొగ రాదు, చుక్క కారదు. యాక్సిలరేటర్ వదిలేసినా రేస్ వెంటనే దిగేది కాదు. కార్బొరేటర్ అనుకుని జెట్లు మార్చుకుంటూ కూర్చున్నాను. ప్లగ్ తీస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేది. లోపలికి గాలి దొంగతనంగా వస్తోంది, మిశ్రమం పలచబడుతోంది అని నాకు తెలీదు. రణస్థలం దాటాక హైవే మీద పిస్టన్ పట్టేసింది. క్లచ్ పట్టుకోబట్టి పడలేదు. వెనక లారీ ఉంది. మీ డైనమో వైపు సీల్ కూడా తప్పకుండా మార్చండి.

లేత్_పని (బొబ్బిలి), శుక్రవారం మధ్యాహ్నం 2:10

మెడ గాడి గురించి నేను చెప్తాను. లేత్ పని మాది.

మొదటి మాట, ఎమెరీ పేపరు చేత్తో పట్టుకుని లేత్ మీద నునుపు చేయించుకోకండి. పేపరు కుడి నుంచి ఎడమకి జరుపుతూ ఉంటే షాఫ్ట్ మీద కంటికి కనపడని మర పడుతుంది. బోల్టు మరలాంటిదే. ఇంజిన్ తిరిగినప్పుడు ఆ మర ఆయిల్‌ని లిప్ కిందుగా తోడేస్తుంది. అద్దంలా మెరిసిపోతుంటే పని బాగా జరిగిందని అందరూ సంతోషిస్తారు, మరునాడే లీకు. సీల్ నడిచే చోటు గ్రైండింగ్ చేసి ఉండాలి, అదీ రాయి పక్కకి జరగకుండా.

గాడి ఉంటే దారులు మూడు. వెడల్పు చోటుంటే సీల్‌ని ఒక మిల్లీమీటరో, ఒకటిన్నరో లోపలికో బయటికో జరిపి కొట్టడం. లిప్ కొత్త గీత మీద నడుస్తుంది. ఖర్చు లేదు. కానీ సీల్ వెనక ఆయిల్ దారి ఉంటే అది మూసుకోకూడదు, చూసుకోవాలి. రెండోది స్లీవ్. ఎస్‌కేఎఫ్ వాళ్లు స్పీడీ స్లీవ్ అని అమ్ముతారు. స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం, గోడ మందం 0.28 మి.మీ. అంత పలచన కాబట్టి సీల్ సైజు మార్చక్కర్లేదు. మూడోది గ్రైండింగ్ చేసి హార్డ్ క్రోమ్ ఎక్కించి మళ్లీ సైజుకి తేవడం. అది విశాఖ పంపాలి, పదిహేను రోజులు పడుతుంది.

క్రాంక్ ఎలాగూ బేరింగుల కోసం బయటికి వస్తోంది కదా, తీసుకురండి. కొలిచి చెప్తాను.

టెక్కలి_టూస్ట్రోక్ (టెక్కలి), శుక్రవారం సాయంత్రం 4:30

నాకో సందేహం. స్పీడు ఎక్కువని వైటాన్ కావాలని షాపులో చెప్తున్నారు. నిజమేనా?

మిల్లు_ఫిట్టర్ (నెల్లిమర్ల), శుక్రవారం సాయంత్రం 6:20

లెక్క వేసుకోండి. షాఫ్ట్ 25 మి.మీ. అనుకుంటే చుట్టుకొలత 78.5 మి.మీ. నిమిషానికి 5000 చుట్లు తిరిగితే లిప్ కింద సెకనుకి ఆరున్నర మీటర్లు. నైట్రైల్ సీల్ పన్నెండు మీటర్ల దాకా ఆగుతుంది. కాబట్టి స్పీడు కారణం కాదు. మేడమ్ చెప్పిన పెట్రోల్, వేడి, ఇవే కారణాలు. ఆవిడ చెప్పాక ఈ బండికి వైటానే మంచిదని నేనూ ఒప్పుకుంటున్నాను. కానీ షాఫ్ట్, బేరింగ్ అయ్యాకే.

బిగించేటప్పుడు మాట. పాత సీల్ ఏ ముఖం ఎటు ఉందో తీసేముందే ఫోటో తీసుకోండి. కొత్త సీల్ లిప్‌కి ఆయిల్ రాయకుండా ఎక్కించకండి, మొదటి పది చుట్లలోనే కాలిపోతుంది. షాఫ్ట్ కొస మీద కీ గాడి అంచు కత్తిలా ఉంటుంది. పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కని గొట్టంలా చుట్టి దాని మీదుగా జార్చండి. కొట్టేటప్పుడు సీల్ బయటి అంచుకి సరిపడే పైపు ముక్క పెట్టి నాలుగువైపులా సమంగా కొట్టండి. స్క్రూడ్రైవర్‌తో ఒక్కోపక్క కొడితే లోపలి రింగు వంగుతుంది.

కోట_బుల్లెట్ (విజయనగరం), ఆదివారం ఉదయం 11:00

మాస్టారూ, నీళ్ల గ్లాసు పరీక్ష చేశాను. నీళ్లు పైపులోకి జానెడు ఎక్కాయి. బ్రీదర్ రబ్బరు తీస్తే ఎండిపోయిన చింతతొక్కలా ఉంది. కొత్తది వేసి నిన్న గజపతినగరం దాకా వెళ్లి వచ్చాను. చెయిన్ కేసులో ఆయిల్ పెరగలేదు. ఇంకో వారం చూసి చెప్తాను. మీకు చాలా రుణపడి ఉన్నాను.

నాగావళి_యెజ్డీ (శ్రీకాకుళం), మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 9:45

ఆలస్యానికి క్షమించండి. పని పూర్తయింది, వివరంగా రాస్తున్నాను.

క్రాంక్ తీసుకుని బొబ్బిలి వెళ్లాను. ఆయన మెడని మైక్రోమీటర్‌తో మూడుచోట్ల కొలిచి, స్లీవ్ పట్టే సైజే అన్నారు. స్లీవ్ తెప్పించడానికి తొమ్మిది రోజులు పట్టింది. నా ఎదురుగానే ఎక్కించారు. ఎక్కించాక గోరు పెట్టి చూడమన్నారు. ఈసారి జారిపోయింది. ఆ జారడం వేలికి ఇంకా గుర్తుంది.

మెయిన్ బేరింగులు కొత్తవి. రెండువైపులా ఎఫ్‌కేఎం సీళ్లు, ముఖం మీద అచ్చున్నవి. బిగించడం అంతా మాస్టారు చెప్పినట్టే. ఎక్స్‌రే ఫిల్మ్ మా అమ్మ మోకాలిది.

బండి రోడ్డెక్కించేముందు గాలి పరీక్ష చెయ్యమని లేత్ ఆయన చెప్పారు. ఆయన దగ్గరున్న పద్ధతి అందరికీ పనికొస్తుంది. పాత ప్లగ్ పింగాణీ పగలగొట్టి, దానికి రాగి గొట్టం అతికించారు. దానికి బీపీ మిషన్ బల్బు, డయల్ తగిలించాలి. బీపీ డయల్ 300 (పాదరసం మి.మీ.) దాకా ఉంటుంది, అది ఇంజిన్‌కి దాదాపు 5.8 పీఎస్‌ఐ, టూస్ట్రోక్ పరీక్షకి సుమారు అంతే కావాలి. కార్బొరేటర్ చోట ఇనప పట్టీ, దాని కింద సైకిల్ ట్యూబు ముక్క. యెజ్డీకి సైలెన్సర్లు రెండు కాబట్టి ఆ రెండు దారులూ అలాగే మూయాలి. పిస్టన్ పూర్తిగా కిందికి దించాలి, అప్పుడే పైనా కిందా అంతా ఒకటే గది అవుతుంది.

విప్పకముందు పాత సీల్‌తో కూడా ఈ పరీక్ష చేసి ఉంటే బోరింగ్ డబ్బులు మిగిలేవి. ఆ సీల్ దాచాను కాబట్టి, తేడా చూద్దామని మొదట ఎడమవైపు దాన్నే పెట్టి చూశాం. బల్బు నొక్కుతుంటే ముల్లు 100 దాటనే లేదు. సబ్బు నీళ్లు పోస్తే లిప్ చుట్టూ అన్నం పొంగినట్టు నురగ. తర్వాత కొత్తది. ముల్లు 300కి వెళ్లింది. నిమిషం గడిచేసరికి 230కి దిగింది. మాకు తృప్తి కలగలేదు. నిమిషానికి 50కి మించి పడకూడదట. సబ్బు నీళ్లు అన్నిచోట్లా రాసుకుంటూ పోతే సిలిండర్ కింద ప్యాకింగ్ దగ్గర రెండే రెండు బుడగలు. ప్యాకింగ్ మార్చి మళ్లీ పెట్టాం. 300 నుంచి నిమిషంలో 278కే దిగింది. బల్బుని తిప్పి గాలి లాగి కూడా చూశాం, ఎందుకంటే లిప్ తోసినప్పుడు ఆగి, లాగినప్పుడు వదిలేయొచ్చట. అదీ నిలబడింది.

ఇప్పటికి 650 కిలోమీటర్లు తిరిగాను. గేర్ ఆయిల్ పోసిన మట్టంలోనే ఉంది. పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు పెట్రోల్‌లో కలిపే టూటీ ఆయిల్ పొగ కొంచెం వస్తుంది, అర నిమిషంలో పోతుంది. మా వీధి చివరి ఇల్లు కనిపిస్తోంది. మా అమ్మ శబ్దం విని వాకిట్లోకి వచ్చి నిలబడింది.

రబ్బర్_ల్యాబ్ (రాజాం), శనివారం రాత్రి 10:05

చాలా సంతోషమండి. ఒక్కటి పాటించండి. వారానికి మించి బండి ఆపితే పెట్రోల్ ట్యాప్ కట్టేసి, కార్బొరేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా ఇంజిన్ నడిపి ఆపండి. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, కొత్త బేరింగులు తుప్పు పడతాయి. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కదా. పెట్రోల్ ట్యాప్‌లో, ట్యాంకు మూతలో ఉన్న పాత రబ్బరు, బెండు వాషర్లు కూడా ఒకసారి చూసుకోండి.

టెక్కలి_టూస్ట్రోక్ (టెక్కలి), ఆదివారం ఉదయం 7:30

చాలా బాగా రాశారు. మా అన్నయ్య రాజ్‌దూత్‌కి నిన్న గోరు పెట్టి చూశాను. గాడి ఉంది. బొబ్బిలి అడ్రసు విడిగా పంపండి.

మిల్లు_ఫిట్టర్ (నెల్లిమర్ల), ఆదివారం ఉదయం 8:00

శభాష్ బాబూ. 1000 దాటాక గేర్ ఆయిల్ ఇంకోసారి కొలిచి ఇక్కడే రాయండి. ఆ పట్టీలు, ప్లగ్ గొట్టం నాకు ఓసారి చూడాలని ఉంది.

నాగావళి_యెజ్డీ (శ్రీకాకుళం), ఆదివారం ఉదయం 8:25

తప్పకుండా మాస్టారూ. వచ్చే ఆదివారం యెజ్డీ మీదే విజయనగరం వస్తున్నాను. లేత్ ఆయన నాకు ఇంకో సెట్ చేసి ఇచ్చారు. పట్టీలు, గొట్టం, బీపీ డయల్ అన్నీ సంచిలో తెస్తాను. గంటస్తంభం దగ్గర పది గంటలకి. కోట బుల్లెట్ గారు కూడా రండి.